దూరప్రయాణ సైకిలు టైర్లు

దూరప్రయాణ సైకిలు టైరు అనగా సామాను కట్టిన సైకిలుపై అనేక రోజులు, వారాలు లేదా నెలల పాటు ప్రయాణం చేయడానికి అనువుగా తయారుచేసిన టైరు. ఇటువంటి టైరుకు రెండు గుణాలు ముఖ్యమైనవి. మొదటిది తక్కువ శ్రమతో వేగంగా దొర్లడం. రెండవది ముళ్ళు, గాజుపెంకులు, ఇనుప తీగలు వంటి వాటిని తట్టుకొని పంక్చరు కాకుండా ఉండడం. ఈ రెండు గుణాలు చాలావరకు పరస్పర విరుద్ధమైనవి. పంక్చరును అడ్డుకొనే మందమైన పొర టైరును బరువుగాను, బిరుసుగాను చేస్తుంది. టైరును వేగంగా దొర్లించే పలుచదనం ముల్లుకు దారి ఇస్తుంది. కనుక అన్ని దారులకు, అందరికి సరిపోయే ఉత్తమమైన టైరు అంటూ ఏదీ లేదు. ప్రయాణించే దారి, మోసే బరువు, మార్గమధ్యంలో లభించే మరమ్మత్తు సౌకర్యాలను బట్టి టైరును ఎంచుకోవలసి ఉంటుంది.

చరిత్ర

తొలినాటి సైకిళ్ళకు ఇనుప పట్టీలు, ఆ తరువాత గట్టి రబ్బరు పట్టీలు ఉండేవి. సైకిలుపై భూప్రదక్షిణ చేసిన మొదటి వ్యక్తిగా పేరుపొందిన థామస్ స్టీవెన్స్ 1884 నుండి 1886 వరకు సాగించిన యాత్రలో ఉపయోగించినది పెద్ద ముందుచక్రం గల సైకిలు. దాని టైర్లు గట్టి రబ్బరువి. ఆయన ఉత్తర భారతదేశంలో గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదుగా కూడా ప్రయాణించాడు. గట్టి రబ్బరు టైరుకు పంక్చరు అనే సమస్యే లేదు. అయితే రోడ్డుపై ఉండే ప్రతి రాయి అదురును అది నేరుగా మనిషి వెన్నెముకకు చేరవేస్తుంది, నడపడానికి ఎక్కువ శక్తి కూడా తీసుకుంటుంది.

గాలి నింపిన టైరుకు మొదట పేటెంటు పొందినవాడు స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ (1845). గుర్రపు బండ్ల కోసం రూపొందించిన ఆ టైరు వాడుకలో నిలవలేదు. 1887లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును తయారుచేసి, 1888లో పేటెంటు పొందాడు. థామ్సన్ పేటెంటు అంతకు ముందే ఉన్నందున డన్‌లప్ పేటెంటు తరువాత చెల్లకుండా పోయింది. అయినప్పటికీ 1889లో బెల్‌ఫాస్టులో జరిగిన పందాలలో విల్లీ హ్యూమ్ అనే పోటీదారుడు ఈ టైర్లతో గెలుపొందడంతో గాలి టైరు శీఘ్రంగా వ్యాప్తి చెందింది.

గాలి టైరుతోపాటే పంక్చరు కూడా వచ్చింది. డన్‌లప్ టైరును రిమ్ముకు అంటించి ఉంచేవారు కాబట్టి దానిని విప్పి అతుకు వేయడం చాలా సమయం పట్టే పని. 1891లో ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సోదరులు సులభంగా ఊడదీయగల టైరును రూపొందించారు. అదే సంవత్సరం మొదటిసారి జరిగిన పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలు పోటీలో ఈ టైర్లతో పాల్గొన్న షార్ల్ టెరాన్ విజేత అయ్యాడు. తమ టైరును మరమ్మత్తు చేయడం ఎంత సులువో నిరూపించడానికి మిషెలిన్ సోదరులు 1892లో పారిస్ నుండి క్లెర్మాన్-ఫెర్రాన్ వరకు పోటీ జరిపి, దారిలో మేకులు చల్లించారని చెబుతారు.

1965లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న కెవ్లార్ నార తరువాతి కాలంలో సైకిలు టైర్లలోకి కూడా వచ్చింది. ఇనుప తీగకు బదులుగా అంచులో వాడినప్పుడు టైరును మడత పెట్టడానికి, ట్రెడ్ కింద పొరగా వాడినప్పుడు ముల్లును అడ్డుకోవడానికి ఇది ఉపయోగపడింది.

నిర్మాణం

సైకిలు టైరులో ముఖ్యమైన భాగాలు ఈ క్రింది విధంగా ఉంటాయి.

• అంచు: టైరును రిమ్ములో పట్టి ఉంచే భాగం. ఇందులో ఉక్కు తీగ గాని, కెవ్లార్ నార గాని ఉంటుంది. నార అంచు గల టైరును మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. అందుచేత అదనపు టైరుగా తీసుకువెళ్ళడానికి ఇది అనుకూలం.
• కేసింగు: టైరుకు ఆకారాన్నిచ్చే గుడ్డ. సాధారణంగా నైలాను పోగులను రబ్బరులో పొదిగి, ఏటవాలుగా, ఒకదానిపై ఒకటిగా పొరలు వేస్తారు. అంగుళానికి ఎన్ని పోగులు ఉన్నాయో తెలిపే సంఖ్యను టైరుపై ముద్రిస్తారు. పోగులు ఎక్కువగా ఉంటే గుడ్డ సన్నగా, మెత్తగా ఉండి సులువుగా వంగుతుంది. తక్కువగా ఉంటే మందంగా, మోటుగా ఉండి కోతలను తట్టుకుంటుంది. కొన్ని సంస్థలు ఒక పొరలోని పోగులను, మరికొన్ని అన్ని పొరలలోని పోగులను కలిపి లెక్కిస్తాయి. కనుక వేర్వేరు సంస్థల సంఖ్యలను నేరుగా పోల్చరాదు.
• ట్రెడ్: నేలకు తగిలే రబ్బరు.
• రక్షణ పొర: ట్రెడ్‌కు, కేసింగుకు మధ్య ఉండే పట్టీ.
• పక్కగోడ: ట్రెడ్‌కు, అంచుకు మధ్య ఉండే భాగం. టైరు దొర్లేటప్పుడు ఎక్కువగా వంగేది ఇదే.

దొర్లుడు ఘర్షణ

టైరు నేలను తాకిన చోట చదునై, నేలను విడిచిన వెంటనే తిరిగి గుండ్రంగా మారుతుంది. చక్రం తిరిగే ప్రతిసారి టైరులోని ప్రతి భాగం ఇలా వంగి, మళ్ళీ నిటారు కావలసిందే. వంగేటప్పుడు రబ్బరు తీసుకొన్న శక్తిని తిరిగి పూర్తిగా ఇవ్వదు, కొంత వేడిగా మారిపోతుంది. ఈ ధర్మాన్ని హిస్టెరిసిస్ అంటారు. టైరు వల్ల కలిగే శక్తి నష్టంలో ఎక్కువ భాగం దీనివల్లనే జరుగుతుంది. టైరులో వంగవలసిన పదార్థం ఎంత మందంగా ఉంటే నష్టం అంత ఎక్కువ.

ఈ నష్టాన్ని దొర్లుడు ఘర్షణ గుణకం అనే సంఖ్యతో కొలుస్తారు. సైకిలు, మనిషి, సామాను కలిసిన బరువులో ఎన్నో వంతు బలం టైర్లను దొర్లించడానికి ఖర్చవుతుందో ఇది తెలుపుతుంది. మంచి తేలికపాటి ప్రయాణ టైర్లకు ఇది సుమారు 0.005, మందమైన రక్షణ పొర గల టైర్లకు సుమారు 0.008 ఉంటుంది. మొత్తం బరువు 100 కిలోలు, వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకుంటే మొదటి రకానికి సుమారు 27 వాట్లు, రెండవ రకానికి సుమారు 44 వాట్లు అవసరమవుతాయి. రోజంతా అలసిపోకుండా సైకిలు తొక్కే సాధారణ వ్యక్తి ఇవ్వగల శక్తి 100 వాట్లకు అటు ఇటుగా ఉంటుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. రోజుకు 5 గంటలు తొక్కేవారికి దీనివల్ల అదనంగా ఖర్చయ్యే ఆహారశక్తి దాదాపు 290 కిలోకేలరీలు, అనగా సుమారు అయిదారు ఇడ్లీలతో సమానం.

ఇదే తేడాను కాలంలోకి మార్చి చూడవచ్చు. గాలి వీచని చదునైన రోడ్డుపై ఒకే శ్రమతో తొక్కినపుడు తేలికగా దొర్లే టైరు 100 కిలోమీటర్ల దూరానికి సుమారు 20 నిమిషాలు ఆదా చేస్తుంది. సామాను దించి, చక్రం విప్పి, ట్యూబు మార్చి, గాలి కొట్టి, మళ్ళీ సామాను కట్టడానికి పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. అనగా తేలిక టైరు మందమైన టైరు కంటె ప్రతి 100 కిలోమీటర్లకు ఒక పంక్చరు ఎక్కువగా ఇచ్చినా కాలం లెక్కలో రెండూ సమానమే అవుతాయి. శుభ్రమైన తారు రోడ్లపై అన్ని పంక్చర్లు కావు కాబట్టి అక్కడ తేలిక టైరుదే పైచేయి. ముళ్ళ దారిలో ఈ లెక్క తిరగబడుతుంది. అయితే పంక్చరు వల్ల కలిగే నష్టం కాలం ఒక్కటే కాదు. చీకటి పడిన తరువాత, వానలో, లారీలు తిరిగే రహదారి పక్కన ట్యూబు మార్చవలసి రావడం ప్రమాదకరం. పల్లపు దారిలో వేగంగా దిగుతున్నప్పుడు ముందు టైరులో గాలి ఒక్కసారిగా పోతే సైకిలు అదుపు తప్పుతుంది.

పంక్చరు రకాలు

పంక్చర్లన్నీ ఒకే కారణంతో కలగవు. టైరు ఎంపికకు ముందు ఏ రకం పంక్చరు ఎక్కువగా అవుతున్నదో తెలుసుకోవాలి.

• గుచ్చుకోవడం: ముల్లు, మేకు, గాజు వంటివి ట్రెడ్ గుండా ట్యూబును చేరడం. ట్యూబులో రంధ్రం వెలుపలి వైపున ఉంటుంది. జాతీయ రహదారుల అంచులలో లారీ టైర్లు పేలినపుడు రాలిన సన్నని ఉక్కు తీగలు పడి ఉంటాయి. ఇవి కంటికి కనిపించనంత చిన్నవైనా ట్రెడ్‌లో దిగి, చక్రం తిరిగే కొద్దీ లోపలికి పోతాయి.
• నొక్కుడు పంక్చరు: గాలి తక్కువగా ఉన్న టైరు గుంతలో గాని, రాయిపై గాని పడినపుడు ట్యూబు నేలకు, రిమ్ముకు మధ్య నలిగి, పక్కపక్కనే రెండు రంధ్రాలు పడడం. పాము కాటును పోలి ఉంటుంది కాబట్టి దీనిని పాము కాటు పంక్చరు అని కూడా అంటారు. రక్షణ పొర ఎంత మందంగా ఉన్నా దీనిని ఆపలేదు. వెడల్పైన టైరు, తగినంత గాలి మాత్రమే దీనికి పరిష్కారం.
• కోత: పదునైన రాయి వల్ల పక్కగోడ తెగడం. ట్యూబు మార్చినా తెగిన చోటు నుండి అది ఉబ్బి బయటకు వచ్చి పగిలిపోతుంది. యాత్రను పూర్తిగా నిలిపివేయగల పంక్చరు ఇదే.
• లోపలి కారణాలు: పుల్లల చివరలను కప్పే రిమ్ము పట్టీ జరిగిపోవడం, వాల్వు మొదలు వద్ద ట్యూబు చినగడం. రంధ్రం ట్యూబు లోపలి వైపున ఉంటే కారణం టైరు కాదని గ్రహించాలి.

వర్షాకాలంలో పంక్చర్లు ఎక్కువ కావడానికి కారణం ఉంది. నీరు కందెనలా పనిచేయడం వల్ల గాజు, చెకుముకి రాళ్ళు తడి రబ్బరును సులువుగా కోస్తాయి. అంతేకాక వాననీటితో కొట్టుకువచ్చిన చెత్త రోడ్డు అంచులకు చేరుతుంది.

రక్షణ పద్ధతులు

ప్రస్తుతం వాడుకలో ఉన్న రక్షణ పద్ధతులు ముఖ్యంగా నాలుగు.

నేసిన నార పొర. కెవ్లార్, వెక్ట్రాన్ వంటి గట్టి నారలతో నేసిన పలుచని పట్టీని ట్రెడ్ కింద ఉంచుతారు. బరువు, దొర్లుడు ఘర్షణ పెద్దగా పెరగవు. గాజును, కోతలను బాగా అడ్డుకుంటుంది. సన్నని ముల్లు, తీగ మాత్రం నేత మధ్య నుండి దూరగలవు. జర్మనీకి చెందిన కాంటినెంటల్ సంస్థ కొన్ని టైర్లలో వెక్ట్రాన్ పొరను వాడింది.

మందమైన రబ్బరు పొర. జర్మనీకి చెందిన ష్వాల్బే సంస్థ వారి మారథాన్ ప్లస్ టైరు ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. దీనిలో ట్రెడ్ కింద 5 మిల్లీమీటర్ల మందం గల మెత్తటి రబ్బరు పొర ఉంటుంది. ముల్లు ట్రెడ్‌లో దిగినా దాని మొన ట్యూబు వరకు చేరదు. 700సి చక్రానికి 37 మిల్లీమీటర్ల వెడల్పు గల ఈ టైరు ఒక్కొక్కటి సుమారు 900 గ్రాములు తూగుతుంది. పక్కగోడలు బిరుసుగా ఉండడం వల్ల రిమ్ముపైకి ఎక్కించడం కూడా కష్టమే.

ట్యూబు లేని టైరు. దీనిని గాలి పోకుండా బిగించే ప్రత్యేకమైన రిమ్ముపై అమర్చి, లోపల రబ్బరు పాలు వంటి ద్రవం పోస్తారు. రంధ్రం పడిన వెంటనే ద్రవం అక్కడ గడ్డకట్టి దానిని మూసివేస్తుంది. ట్యూబు ఉండదు కాబట్టి నొక్కుడు పంక్చరు చాలా అరుదు. చిన్న ముళ్ళు ఎక్కువగా ఉన్న దారులలో ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే ద్రవం కొన్ని నెలలలో ఎండిపోతుంది, వేడి ప్రదేశాలలో మరింత త్వరగా ఎండుతుంది. పెద్ద కోత పడితే చివరకు ట్యూబు వేయక తప్పదు. మారుమూల ప్రాంతాలలో ద్రవం దొరకదు.

అదనపు పట్టీలు, మందపు ట్యూబులు. టైరుకు, ట్యూబుకు మధ్య ప్లాస్టిక్ పట్టీ వేయడం ఒక పద్ధతి. ఇది చవక అయినా, పట్టీ అంచు రాసుకొని ట్యూబుకే రంధ్రం పడే అవకాశం ఉంది. ముళ్ళను తట్టుకొనే మందపు ట్యూబులు బరువుగా ఉండి, దొర్లుడు ఘర్షణను పెంచుతాయి.

వెడల్పు, గాలి పీడనం

సన్నని టైరులో గాలిని రాయిలా బిగించి నింపితే సైకిలు వేగంగా పోతుందని చాలాకాలం నమ్మేవారు. ఇది కొంతవరకే నిజం. ఒకే పీడనం వద్ద వెడల్పైన టైరు నేలను తాకే ప్రదేశం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. సన్నని టైరుకు అది పొడవుగా ఉంటుంది. పొడవుగా చదునయ్యే టైరు ఎక్కువగా వంగుతుంది కనుక, మిగిలిన నిర్మాణం ఒకటే అయినపుడు వెడల్పైన టైరే తేలికగా దొర్లుతుంది.

గాలి మరీ ఎక్కువైనా నష్టమే. గరుకు రోడ్డుపై బిగువైన టైరు రాళ్ళను తనలో ఇముడ్చుకోలేక మొత్తం సైకిలును, మనిషిని పైకి ఎగరవేస్తుంది. ఆ అదురు మనిషి శరీరంలో వేడిగా మారి వృథా అవుతుంది. నున్నని ఇనుప డ్రమ్ముపై చేసే ప్రయోగశాల పరీక్షలలో ఈ నష్టం కనిపించదు. అమెరికాలో యాన్ హైనె 2002లో స్థాపించిన పత్రిక (తరువాతి పేరు బైసికిల్ క్వార్టర్లీ) నిజమైన రోడ్లపై పరీక్షలు జరిపి, మెత్తని కేసింగు గల వెడల్పు టైర్లు సన్నని టైర్ల కంటె నెమ్మదైనవి కావని ప్రచురించింది. ఆ తరువాతి సంవత్సరాలలో పందెపు సైకిళ్ళలో కూడా టైర్ల వెడల్పు క్రమంగా పెరిగింది.

తగిన పీడనాన్ని నిర్ణయించడానికి అమెరికా ఇంజనీరు ఫ్రాంక్ బెర్టో సూచించిన 15 శాతం సూత్రం ప్రసిద్ధమైనది. మనిషి ఎక్కి కూర్చొన్నపుడు టైరు ఎత్తు సుమారు 15 శాతం తగ్గేటట్లు గాలి ఉండాలి. ముందు చక్రం కంటె వెనుక చక్రంపై బరువు ఎక్కువ కాబట్టి రెండింటికి ఒకే పీడనం సరికాదు. ఉదాహరణకు మొత్తం 100 కిలోల బరువులో 60 కిలోలు వెనుక చక్రంపై ఉంటే, 37 మిల్లీమీటర్ల టైరుకు వెనుక సుమారు 4 బార్లు (58 పి.ఎస్.ఐ.), ముందు 3 బార్ల కంటె కొద్దిగా తక్కువ సరిపోతుంది. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పీడనం దాటకూడని హద్దు మాత్రమే, నింపవలసిన కొలత కాదు.

ట్రెడ్‌పై గీతలు

కారు టైరుకు నీటిని పక్కకు నెట్టే గాడులు అవసరం. సైకిలు టైరు సన్నగా, గుండ్రంగా ఉండి, అధిక పీడనంతో, తక్కువ వేగంతో నడుస్తుంది కాబట్టి నీటిపై తేలిపోయే ప్రమాదం దాదాపు లేదు. తారు రోడ్డుపై నున్నని టైరుకు ఉన్నంత పట్టు గీతలున్న టైరుకు ఉండకపోవచ్చు. సైకిలు పరిజ్ఞానంపై విస్తారంగా వ్రాసిన అమెరికా మెకానిక్ షెల్డన్ బ్రౌన్ (1944-2008) ఈ విషయాన్ని పదేపదే వివరించాడు. బురద, ఇసుక, వదులు మట్టి దారులలో మాత్రం ఎత్తైన గుబ్బలు ఉపయోగపడతాయి. తారు రోడ్డుపై అవే గుబ్బలు వంగుతూ శక్తిని తింటాయి.

కొలతలు

అంగుళాలలో చెప్పే సైకిలు టైరు కొలతలు గందరగోళానికి కారణమవుతున్నాయి. ఒకే పేరుతో పిలిచే రెండు టైర్లు వేర్వేరు రిమ్ములవి కావచ్చు. ఐ.ఎస్.ఓ. 5775 ప్రమాణం ప్రకారం టైరుపై 37-622 అనే విధంగా రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండవది అంచు కూర్చొనే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రెండవ సంఖ్య సరిగ్గా కలిస్తేనే టైరు రిమ్ముకు పడుతుంది. తరచుగా కనిపించే కొలతలు:

• 622: 700సి, ఐరోపాలో 28 అంగుళాలు, పర్వత సైకిళ్ళలో 29 అంగుళాలు
• 635: 28 × 1½, భారతదేశంలోని సంప్రదాయ సైకిళ్ళు
• 584: 650బి, పర్వత సైకిళ్ళలో 27.5 అంగుళాలు
• 590: 26 × 1⅜
• 559: పాత పర్వత సైకిళ్ళ 26 అంగుళాలు
• 406: మడత సైకిళ్ళ 20 అంగుళాలు

ఐరోపా సైకిలుపై 28 అంగుళాలు అని ఉండడం చూసి భారతీయ దుకాణంలో 28 అంగుళాల టైరు కొంటే సాధారణంగా 635 కొలత వస్తుంది. 622 రిమ్ముపై అది 13 మిల్లీమీటర్ల వ్యాసం వదులుగా ఉండి, గాలి కొట్టగానే ఊడిపోతుంది. 559 కొలత ప్రపంచంలో చాలాచోట్ల లభించేది కాబట్టి భూప్రదక్షిణ చేసేవారు ఒకప్పుడు దానినే ఎక్కువగా ఎంచుకునేవారు. 2010 తరువాత కొత్త పర్వత సైకిళ్ళు 584, 622 కొలతలకు మారడంతో ఆ ఆధిక్యం తగ్గింది.

ఎంపిక

పై అంశాలను బట్టి దూరప్రయాణ టైర్ల ఎంపికను స్థూలంగా ఈ విధంగా విభజించవచ్చు.

• మంచి తారు రోడ్లు, తక్కువ సామాను: 28 నుండి 35 మిల్లీమీటర్ల వెడల్పు, మెత్తని కేసింగు, పలుచని నార పొర. 200 నుండి 1200 కిలోమీటర్ల వరకు నిర్ణీత గడువులో పూర్తిచేయవలసిన బ్రెవె ప్రయాణాలకు ఇవి అనువైనవి.
• తారు, కంకర కలిసిన దారులు, మధ్యస్థ సామాను: 35 నుండి 42 మిల్లీమీటర్లు, మధ్యస్థ మందం గల రక్షణ పొర.
• ముళ్ళు, గాజు ఎక్కువగా ఉన్న రోడ్లు, పూర్తి సామాను, రోజువారీ వాడకం: 37 మిల్లీమీటర్లు లేదా ఆపైన, మందమైన రబ్బరు పొర.
• రాళ్ళ దారులు, జనసంచారం లేని ప్రాంతాలు: 45 నుండి 55 మిల్లీమీటర్లు, గట్టి పక్కగోడలు. ఇక్కడ దొర్లుడు ఘర్షణ కంటె పక్కగోడ బలమే ముఖ్యం.

రెండు చక్రాలకు ఒకే టైరు ఉండాలనే నియమం లేదు. ఎక్కువ బరువు మోసే వెనుక టైరే ఎక్కువగా పంక్చరు అవుతుంది, త్వరగా అరుగుతుంది. అందుచేత కొందరు వెనుక మందమైన టైరును, ముందు తేలిక టైరును వాడతారు. ఏ రకమైనా ముందు చక్రానికి అరిగిన టైరు ఉంచరాదు. వెనుక టైరు అరిగిపోయినపుడు ముందుదానిని వెనుకకు మార్చి, కొత్తదానిని ముందు వేయడం సురక్షితమైన పద్ధతి.

వెడల్పైన టైరు కొనే ముందు సైకిలు ఫ్రేముకు, మడ్‌గార్డుకు, బ్రేకులకు మధ్య చోటు ఉన్నదో లేదో చూడాలి. చోటు మరీ తక్కువైతే టైరుకు అంటుకున్న రాయి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్ని ఆపివేయగలదు.

భారతదేశంలో

భారతదేశంలో సైకిళ్ళ పరిశ్రమకు లుధియానా ప్రధాన కేంద్రం. రాల్సన్, మెట్రో వంటి టైరు సంస్థలు అక్కడివే. హైదరాబాదులో హార్టెక్స్ సంస్థ సైకిలు టైర్లు, ట్యూబులు తయారుచేస్తుంది. సంప్రదాయ సైకిళ్ళకు వాడే 635 కొలత టైర్లు, ట్యూబులు పల్లెటూళ్ళలో కూడా లభిస్తాయి. 622 కొలత టైర్లు మాత్రం ముఖ్యంగా నగరాలలోని దుకాణాలలో దొరుకుతాయి. కనుక అటువంటి సైకిలుతో దూరం పోయేవారు అదనపు ట్యూబులతోపాటు మడిచిన టైరు ఒకటి వెంట ఉంచుకోవడం అవసరం.

తెలుగు రాష్ట్రాలలో సైకిలు టైరుకు ప్రధాన శత్రువులు ముళ్ళు. తుమ్మ, సర్కారు తుమ్మ, రేగు చెట్లు రోడ్ల పక్కన, చెరువు గట్లపైన విస్తారంగా ఉన్నాయి. రోడ్డు పక్క కంప నరికిన రోజులలో ఆ దారిన పోయే సైకిళ్ళకు పంక్చర్లు తప్పవు. సర్కారు తుమ్మ ముల్లు పొడవుగా, గట్టిగా ఉండి, నేసిన నార పొరను కూడా దాటగలదు. పల్లేరు మొక్క కాయలు ఎటు పడినా ఒక ముల్లు పైకి ఉండేటట్లు పడతాయి. అమెరికాకు చేరి అక్కడ కలుపు మొక్కగా వ్యాపించిన ఈ పల్లేరునే ఆంగ్లంలో పంక్చరు తీగ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. దీని ముళ్ళు పొట్టివి కాబట్టి మందమైన రబ్బరు పొర గాని, ట్యూబు లేని టైరులోని ద్రవం గాని వీటికి బాగా సరిపోతాయి.

వాల్వుల విషయం కూడా గమనించవలసినదే. సంప్రదాయ సైకిళ్ళకు డన్‌లప్ వాల్వు, ఖరీదైన సైకిళ్ళకు ప్రెస్టా లేదా ష్రేడర్ వాల్వు ఉంటాయి. ష్రేడర్ వాల్వు మోటారు వాహనాల వాల్వు వంటిదే కాబట్టి పెట్రోలు బంకులలో గాలి నింపుకోవచ్చు. ప్రెస్టా వాల్వుకు అక్కడ చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. ష్రేడర్ వాల్వు ప్రెస్టా రిమ్ము రంధ్రంలో పట్టదు.

మార్గమధ్యంలో మరమ్మత్తు

ఎంత మంచి టైరైనా ఎప్పుడో ఒకప్పుడు పంక్చరు కాక తప్పదు. రెండు అదనపు ట్యూబులు, అతుకులు, సొల్యూషను, గరుకు కాగితం, టైరు లివర్లు, గాలి పంపు ప్రయాణికుని వద్ద ఉండాలి. ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు వేళ్ళతో జాగ్రత్తగా తడిమి, గుచ్చుకొన్న వస్తువును తీసివేయాలి. తీయకుండా కొత్త ట్యూబు వేస్తే కొద్ది దూరంలోనే మళ్ళీ పంక్చరు అవుతుంది. రంధ్రం కనిపించకపోతే సైకిలు షాపులలో చేసినట్లు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూడాలి. పక్కగోడ తెగితే పాత టైరు ముక్కను గాని, మందమైన గుడ్డను గాని లోపలి వైపు ఉంచి, తక్కువ గాలితో తరువాతి ఊరు వరకు చేరవచ్చు.

ప్రతిరోజు ప్రయాణం ముగిశాక టైర్లను తిప్పి చూసి, ట్రెడ్‌లో దిగిన గాజు, తీగ ముక్కలను పిన్నుతో తీసివేస్తే అనేక పంక్చర్లు నివారించవచ్చు. బ్యూటైల్ రబ్బరు ట్యూబులో కూడా గాలి నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి వారానికి ఒకసారైనా పీడనం సరిచూడాలి. ట్రెడ్ అరిగి లోపలి పొర గాని, కేసింగు పోగులు గాని కనిపించినా, పక్కగోడ పగుళ్ళు బారినా ఆ టైరును మార్చాలి. ఎండలో నిల్వ ఉన్న టైరు వాడకపోయినా పాడవుతుంది. అందుచేత పాత నిల్వ టైరుతో సుదీర్ఘ యాత్ర ప్రారంభించడం మంచిది కాదు.

ఇవి కూడా చూడండి

• సైకిలు
• టైరు
• రబ్బరు
• ఘర్షణ
• పల్లేరు
• సర్కారు తుమ్మ